ఎండ నెత్తికి, లైటు మొహానికి

"మామయ్యా, పట్టపగలు ఫ్లాష్ ఏంటి, ఫంక్షన్ హాల్లో ఫోటోగ్రాఫర్‌లాగా?"

మా మేనకోడలు ఈ మాట అన్నది మొన్న ఫిబ్రవరిలో, గుంటూరులో మా అన్నయ్య ఇంటి ముందు వేపచెట్టు కింద. అమ్మకి 80 నిండాయని అందరం చేరాం. పిల్లాజెల్లాతో కలిపి 23 మందిమి. టైము పదకొండున్నర. లోపల పులిహోర తాలింపు వేస్తున్నారు, భోజనాలకి ఇంకా గంట ఉంది, పట్టుచీరలు ఇంకా నలగలేదు. గ్రూపు ఫోటోకి అంతకంటే మంచి అదను దొరకదు. నేను స్టాండు విప్పి ఫ్లాష్ బిగిస్తుంటే ఆ పిల్లకి నవ్వొచ్చింది.

తను బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది, శని ఆదివారాలు ఫోటోలు తీస్తుంది. నా దానికంటే మంచి కెమెరా. నిజం చెప్పాలంటే నాకంటే మంచి కన్ను కూడా. "నేచురల్ లైట్‌లో నేను తీస్తాను, మీరూ వెళ్ళి నిలబడండి" అంది. ఇంట్లో ఫోటోలు తీసేవాడికి ఫోటోలో నిలబడే యోగం ఏడాదికోసారి కూడా రాదు. స్టాండు మడిచి గోడకి ఆనించి, వెళ్ళి అన్నయ్య పక్కన నిలబడ్డాను.

విస్తళ్ళ ముందు కూర్చునే వేళకే ఫోటో వాట్సాప్‌లోకి వచ్చేసింది. ఫోన్లో చిన్నగా చూస్తే ముచ్చటగా ఉంది. చెట్టు, వెనక మెత్తగా కరిగిపోయిన రోడ్డు, ముందు కుర్చీలో అమ్మ. అందరూ బాగుందన్నారు. అన్నాక, ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ ఒకే పని చేశారు. రెండు వేళ్ళు స్క్రీన్ మీద పెట్టి ఎవరి మొహాన్ని వాళ్ళు పెద్దది చేసుకున్నారు. గొడవ అక్కడ మొదలైంది.

రెండు వేళ్ళ పరీక్ష

"నా బుగ్గ మీద ఈ తెల్లమచ్చేంటి?" అంది వదిన. వేపచెట్టు నీడంటే జల్లెడ నీడ. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ ఒకరి బుగ్గ మీద, ఒకరి బట్టతల మీద రూపాయి బిళ్ళలా పడింది. అక్క తన మొహం చూసుకుని "పసరు పూసినట్టున్నానేంటే" అని కూతుర్నే అడిగింది. అదీ చెట్టు చలవే. పచ్చటి ఆకుల మీద పడి దిగే వెలుగు పచ్చగానే దిగుతుంది. వెనక వరసలో ఉన్న మా చెల్లెలి భర్త తన మొహాన్ని ఎంత పెద్దది చేస్తే అంత మసకైపోతోంది. 50 లెన్సు మీద అపర్చరు, అంటే వెలుగు దూరే కన్నం, 1.8కి బార్లా తెరిచి, ముందు వరసలో అమ్మ మీద ఫోకస్ చేస్తే, అయిదడుగుల వెనక నిలబడ్డ మూడో వరసకి అంతకంటే దక్కదు.

అమ్మ సంగతి ఇంకోటి. కుర్చీ సరిగ్గా నీడ అంచున పడింది. ఎండ నడినెత్తిన దిగి, పాపిట, నుదురు తెల్లగా వెలిగిపోతున్నాయి. కళ్ళుండాల్సిన చోట రెండు నల్లగుంటలు. ఆ రోజు పండగ ఆవిడది.

మేనకోడల్ని తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. నేనూ బోలెడు ఫోటోలు పాడుచేసినవాణ్ణే, ఆ లెక్క కింద వస్తుంది. కాకపోతే ఆ భోజనాల బంతిలో నాకొకటి గట్టిగా అనిపించింది. గ్రూపు ఫోటోని గ్రూపుగా ఎవరూ చూడరు. అందులో 22 మంది ఉంటే అవి 22 ఫోటోలు. కొండల్నీ నదినీ తీస్తే బొమ్మ మొత్తం బాగుందా లేదా అని చూస్తాం, ఒక మూల చీకటిగా ఉంటే అందమే అనుకుంటాం. గ్రూపు ఫోటోలో ఆ చీకటి మూలన ఎవరో ఒక పిన్ని ఉంటుంది. ఆవిడకి ఫోటో అంటే ఆ మూలే.

పైగా మన ఇళ్ళలో గ్రూపు ఫోటోలు కత్తెరకి పుట్టినవి. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఫోటో అర్జెంటుగా కావాలంటే అందులోంచే కత్తిరిస్తారు. వార్డు ఎన్నికల్లో మావాడొకడు నిలబడితే ఫ్లెక్సీకి అందులోంచే తీశారు. మా నాన్న పోయినప్పుడు గోడకి పెట్టడానికి ఫోటో కావాల్సి వచ్చింది. ఎంత వెతికినా ఆయన సరిగ్గా కెమెరా వైపు చూస్తున్నది ఒక్కటే దొరికింది, ఎవరిదో పెళ్ళిలో, మిట్టమధ్యాహ్నం పందిరి బయట తీసిన గ్రూపు. అందులోనూ కళ్ళు నీడలో ఉన్నాయి. ఫ్రేము కట్టే అతను కంప్యూటర్లో కళ్ళు తేటగా చేసి ఇచ్చాడు. పదేళ్ళుగా దానికే దండ వేస్తున్నాం. ఇప్పటికీ దాన్ని చూసినప్పుడల్లా నాకు తెలుస్తూనే ఉంటుంది, ఆ కళ్ళు నాన్నవి కావు.

అందుకని నా మాట ఇది. బయట, పగటిపూట, పదిమందికి మించి నిలబెట్టి ఫోటో తీస్తున్నామంటే ఫ్లాష్ వెయ్యాలి. చీకటి పోగొట్టడానికని కాదు, వెలుతురు ఎటూ ఉంది. ఉన్న వెలుతురు చేరని కళ్ళకి చేర్చడానికి.

బాబాయ్ పెట్టె కెమెరా

ఈ మాట నా సొంతం కాదులెండి. 1980లలో మా బాబాయ్‌కి అరండల్‌పేటలో చిన్న స్టూడియో ఉండేది. సెలవుల్లో ఆయన వెంట బ్యాగు మోయడం నా పని. ఆయన ఆస్తులు రెండు. పైనుంచి తొంగిచూసే పెట్టె కెమెరా, యాషికా మ్యాట్ 124జీ. సుత్తిలా చేతిపిడి ఉన్న ఫ్లాష్, మెట్జ్ 45. 120 సైజు రీలు ఒకటి వేస్తే పన్నెండే ఫోటోలు. పన్నెండింటిలో గ్రూపుకి మూడు ఖర్చుపెట్టేవాడు. "ఒకటి మనకి, ఒకటి కళ్ళు మూసినవాళ్ళకి, ఒకటి దేవుడికి" అనేవాడు.

పల్లెటూళ్ళకి వెళ్ళినప్పుడు ఎండలో ఆయన ఫ్లాష్ ఎత్తగానే ఇంటి పెద్దాయన ఎవరో ఒకరు "ఇంత ఎండుండగా లైటెందుకయ్యా, బ్యాటరీ దండగ" అనకుండా ఉండేవాడు కాదు. బాబాయ్ జవాబు ఎప్పుడూ ఒకటే. "ఎండ నెత్తికండీ, లైటు మొహానికి."

అప్పుడది డబ్బుల కోసం చేసే ఆర్భాటం అనుకున్నాను. ఫ్లాష్ వెలిగితే ఫోటోగ్రాఫర్ ఏదో గట్టిగా పనిచేసినట్టు ఉంటుంది కదా. పాతికేళ్ళ తరవాత సొంతంగా కెమెరా కొని, ఫ్లాష్ కొని, అదే పని చెయ్యబోతే చేతకాలేదు. అప్పుడు అర్థమైంది, ఆయన చేతిలో ఉన్నదేంటో.

ఆ యాషికాలో షట్టరు లెన్సు లోపలే ఉంటుంది. పూరేకుల్లా విచ్చుకుని ముడుచుకుంటుంది. అందుకని దాని ఆఖరి స్పీడు 1/500లో, అంటే సెకనులో అయిదొందల వంతులో కూడా ఫ్లాష్ పనిచేస్తుంది. నా డిజిటల్ కెమెరాలో షట్టరంటే రెండు తెరలు. 1/250 దాటితే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది వెనకే తరుముకొస్తుంది. ఫ్లాష్ మెరుపు ఆ రెంటి మధ్య సందుకే తగులుతుంది. తెలియక 1/500 పెట్టి తీసిన మొట్టమొదటి గ్రూపులో కూర్చున్న వరస మొత్తం నల్లపట్టీ కింద పోయింది. ఆ వరసలో మా మామగారు ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

మన ఎండ, వాళ్ళ పుస్తకం

"మిట్టమధ్యాహ్నం తియ్యకండి, గోల్డెన్ అవర్ దాకా ఆగండి" అని ఏ వీడియో చూసినా చెబుతారు. మేనకోడలు కూడా అదే అంది. మంచి సలహానే. ఇచ్చింది మాత్రం సూర్యుడు వాలుగా, తీరిగ్గా దిగే దేశాల వాళ్ళు. మనం ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం మీద. ఇక్కడ సూర్యుడు దిగడు, పడతాడు. గోల్డెన్ అవర్ అనే ఆ మెత్తటి పసుపు వెలుగు మొదలై పూర్తయ్యేసరికి అరగంట కూడా ఉండదు. ఆ అరగంటలో ఇరవై మందిని పోగేసి, నిలబెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దించి, ఏడుస్తున్న పిల్లాణ్ణి ఊరుకోబెట్టగల మొనగాడు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, శిష్యరికం చేస్తాను.

ఇక పగలంటారా, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి విజయవాడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనిషి నీడ పాదాల కింద దాక్కుంటుంది. ఆ చుట్టుపక్కల నెలల్లో పదింటి నుంచి మూడింటి దాకా వెలుగంతా పైనుంచే. కనుబొమ్మల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. మన ముహూర్తాలు చాలానే ఆ నెలల్లో పడతాయి. పెళ్ళి, ఒడుగు, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, ఏదైనా సరే, చుట్టాలందరూ ఒకచోట దొరికేది భోజనాలకి ముందు ఒక గంట. తరవాత బస్సులకి పరుగులే. ఫోటోకి మంచి టైము మనం ఎంచుకోలేం. పంతులుగారు ఎంచుతారు, లేకపోతే వంటవాళ్ళు ఎంచుతారు.

వెలుగు మంచి చోటైనా ఎంచుకోవచ్చు కదా అనొచ్చు. ఇక్కడ మేనకోడలి వాదనకి బలం ఉంది. ఆ మాట కిందకి దాచుకుంటాను.

లెక్క దగ్గర మాత్రం తలొంచాలి

ఫ్లాష్ వెయ్యాలని అనడం తేలిక. ఎండతో పోటీ పడటం తేలిక కాదు. ఇక్కడ కొంచెం అంకెలు తప్పవు.

నిండు ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టుకునే చురుకు) 100, షట్టరు 1/250 పెడితే అపర్చరు ఎఫ్ 11 దగ్గర ఉంటుంది; ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. ఫ్లాష్ ఎంత దూరం కొడుతుందో దాని బలం చెప్పే గైడ్ నంబరుని అపర్చరుతో భాగిస్తే తెలుస్తుంది. నా ఫ్లాష్ డబ్బా మీద 60 అని రాసుంది. అది వెలుగుని టార్చి లైట్‌లా సన్నగా బిగించినప్పటి అంకె. గ్రూపంతా తడిసేలా విప్పితే 36కి పడిపోతుంది. 36ని 11తో భాగిస్తే మూడు మీటర్ల చిల్లర. అంటే పది అడుగుల దూరంలో పెడితేనే నా ఫ్లాష్ ఎండకి సాటి. వెలుగుని మెత్తబరిచే గొడుగు ఫ్లాష్‌కి తగిలిస్తే అదీ లేదు, వెలుగులో సగానికి పైగా గొడుగే మింగేస్తుంది.

అదే లెక్క బాబాయ్‌కి వేసి చూడండి. ఆయన మెట్జ్ 45లో ఆ 45 గైడ్ నంబరే. షట్టరు 1/500 కాబట్టి అపర్చరు ఎఫ్ 8. 45ని 8తో భాగిస్తే అయిదున్నర మీటర్లు. ఎప్పుడో 1970లలో వచ్చిన కెమెరాతో ఆయన అయిదున్నర మీటర్ల నుంచి ఎండకి ఎదురు నిలబడ్డాడు, నేను మూడు మీటర్ల దగ్గర ఆయాసపడుతున్నాను. దీనికి మందుగా ఇప్పటి కంపెనీలు హైస్పీడ్ సింక్ అని ఇచ్చాయి. ఎంత స్పీడులోనైనా పనిచేస్తుంది. కానీ ఒక్క పెద్ద మెరుపుని చిన్న చిన్న మెరుపులుగా ముక్కలు చేస్తుంది కాబట్టి బలం నాలుగో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది. ఒక్క మనిషిని దగ్గర పెట్టుకుని తీసేవాళ్ళకి అది వరమే. ఇరవై మందికి చాలదు.

సరే, దగ్గరికి జరిపి పది అడుగుల్లోనే పెడదామంటే ఇంకో చిక్కు. దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతు అవుతుంది. లైటుకి మూడు మీటర్ల దూరంలో ముందు వరస, నాలుగున్నర మీటర్లలో వెనక వరస ఉంటే ముందువాళ్ళ మీద పడేది వెనకవాళ్ళకంటే రెట్టింపు పైమాటే. నేల మీద కూర్చున్న పిల్లలు సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక నిలబడ్డ మగవాళ్ళు సంధ్యచీకట్లో. లైటుని ఆరు మీటర్లకి తీసుకుపోతే తేడా ఒకటిన్నర రెట్లకి తగ్గుతుంది, మొహాలన్నీ దాదాపు సమానంగా వస్తాయి. ఆరు మీటర్ల నుంచి ఎండని కొట్టే బలం మాత్రం దానికి లేదు. సమానంగా పడాలంటే దూరం జరగాలి, బలంగా పడాలంటే దగ్గరికి రావాలి. గ్రూపుకి ఫ్లాష్ వేసేవాడి కష్టమంతా ఈ రెంటి మధ్యే.

నేను పడిన రాజీ ఏంటంటే, ఎండలో ఎవర్నీ నిలబెట్టను. చెట్టు కిందో, బిల్డింగు నీడలోనో నిలబెడతాను. జల్లెడ నీడ కాదు, నిండు నీడ. అక్కడ ఎండతో పోటీ ఉండదు. లైటుని ఆరు మీటర్లకి తీసుకెళ్ళి, మనిషి తలకంటే నాలుగడుగులు ఎత్తులో పెట్టి, కొద్దిగా పక్కకి జరుపుతాను. ఎత్తు ఎందుకంటే మావాళ్ళలో తొమ్మిదిమందికి కళ్ళజోళ్ళు. కెమెరా మీదే ఫ్లాష్ పెట్టి ఎదురుగా కొడితే తొమ్మిది జతల అద్దాలూ ఒక్కసారి మెరుస్తాయి, కళ్ళ బదులు బల్బులు వస్తాయి. బలం నీడలో ఉన్న వెలుగుకి సమానంగా కాకుండా అందులో సగం ఉండేలా చూస్తాను. ఫోటో చూసినవాడికి ఫ్లాష్ వేశారని తెలియకూడదు. ప్రతి కంట్లో ఒక చిన్న మెరుపు చుక్క మాత్రం ఉండాలి. ఆ చుక్క ఉంటే మనిషి మనల్ని చూస్తున్నట్టుంటుంది.

మేనకోడలి వాటా

ఇప్పుడు దాచుకున్న మాట. మేనకోడలు ఆ మధ్యాహ్నం చేతులు కడుక్కుంటూ అంది, "తప్పు నేచురల్ లైట్‌ది కాదు మామయ్యా, వేపచెట్టుది. నేను మిమ్మల్ని ఎదురింటి వాకిట్లో నిలబెట్టాల్సింది."

నిజమే. అన్నయ్య ఎదురింటివాళ్ళది పాతకాలపు ఇల్లు. వీధరుగు, వసారా, ముందు సిమెంటు వాకిలి. వసారా నీడలో వాకిలి వైపు తిరిగి నిలబడితే పైనుంచి ఎండ దిగదు. తెల్లటి వాకిలి మీద పడిన ఎండ మెత్తబడి కింద నుంచి, ఎదురు నుంచి మొహాల మీదికి ఎగదన్నుతుంది. అంతకంటే పెద్ద లైటు ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. అక్కడ నేను ఫ్లాష్ పెడితే నవ్వులపాలే. బాబాయ్ కూడా అలాంటి ఇళ్ళలో ఫ్లాష్ తీసేవాడు కాదని ఇప్పుడు గుర్తొస్తోంది.

కాకపోతే అలాంటి వసారాలు ఎన్ని మిగిలాయి? మా చుట్టాల్లో సగంమంది బ్రాడీపేట, లక్ష్మీపురం అపార్ట్‌మెంట్లలో ఉంటారు. గ్రూపు ఫోటోకి అక్కడ దొరికేది కార్ల మధ్య సెల్లారు, లేదా గేటు ముందు ఎనిమిదడుగుల సందు. ఫంక్షన్ హాలైతే ఆర్చీ ముందు. వెలుగున్న చోటికి మనుషుల్ని తీసుకెళ్ళడం ఒకరిద్దరితో అయ్యే పని. 80 ఏళ్ళ మనిషి కుర్చీలో కూర్చున్నాక ఆ కుర్చీ ఉన్నదే చోటు.

ఫోన్ల సంగతీ చెప్పాలి, చెప్పకపోతే తొండి అవుతుంది. ఆ రోజు మేం మాట్లాడుకున్న వ్యాన్ డ్రైవరు కూడా తన ఫోన్‌తో సరదాగా ఒకటి తీశాడు. మేనకోడలు తీసినదానికంటే అదే బాగుందని మా అత్తయ్య అందరి ముందూ అనేసింది. మేనకోడలు రెండు బూరెలు వదిలేసి లేచిపోయింది. ఫోను చేసేదేంటంటే, ఒకదాని వెంట ఒకటి కొన్ని ఫోటోలు తీసి, వెలుగు నీడల్ని కలిపేసి, చీకటి మొహాల్ని పైకి లాగుతుంది. చిన్న స్క్రీన్ మీద మహబాగా ఉంటుంది. కానీ నీడని ఎంత పైకి లాగినా అది నీడే. కళ్ళగుంట నల్లగా ఉన్నది బూడిదరంగులోకి వస్తుంది, కంట్లో మెరుపు మాత్రం పుట్టదు. వేపాకు పసరు అలాగే ఉంటుంది. రెండు వేళ్ళు పెట్టి చూస్తే డ్రైవరు ఫోటోలో అందరి చర్మం మైనం పూసినట్టుంది. అత్తయ్య రెండు వేళ్ళు పెట్టలేదు, అంతే.

ఫ్లాష్ మీద నాకు నిజంగా ఉన్న అనుమానాలు వేరు. అమ్మకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. వెలుగు గుచ్చుకుంటుంది. ఫ్లాష్ స్టాండు కనిపిస్తే చాలు, మెరుపు రాకముందే కళ్ళు చికిలించి సిద్ధమైపోతుంది. ఎండ నుంచి కళ్ళు కాపాడదామని తెచ్చిన లైటు చూసి ఆవిడ కళ్ళు మూసుకుంటే ఇక నేను ఏం సాధించినట్టు? గొడుగు పెట్టి మెత్తబరిచాక కొంత నయం. ఎక్కువ తేడా ఇంకోచోట వచ్చింది. ఆటోమేటిక్‌లో ఉంటే ఫ్లాష్ అసలు మెరుపుకి ముందు ఒక చిన్న మెరుపు వేసి వెలుగు కొలుచుకుంటుంది. మనకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. రెప్ప చురుగ్గా వేసేవాళ్ళకి మాత్రం ఆ చిన్న మెరుపే సైగ, అసలుది వచ్చేసరికి రెప్ప సగం దిగి ఉంటుంది. మా అక్క ప్రతి ఫోటోలో నిద్రపోతున్నట్టు ఎందుకు వస్తుందో నాకు పదేళ్ళు అర్థం కాలేదు. మాన్యువల్‌లో పెడితే ముందు మెరుపు ఉండదు. అప్పటి నుంచి అక్క మెలకువగా ఉంటోంది.

ఇంకో అనుమానం, లైటు పట్టుకునేవాళ్ళది. గాలిలో గొడుగు తగిలించిన స్టాండు నిలబడదు. ఒకసారి సూర్యలంక బీచిలో నాది ఎగిరి ఇసకలో బోర్లాపడింది, ఫ్లాష్ తల విరిగింది. అప్పటి నుంచి ఎవరో ఒకర్ని స్టాండు పట్టుకోమంటున్నాను. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మా చెల్లెలి భర్త, బావగారే. నెమ్మదస్తుడు, పొడుగరి, కాదనడు.

పున్నమి ఘాట్

సాయంత్రం అమ్మ దుర్గమ్మ దర్శనం చేసుకుంటానంది. వ్యాన్‌లో అందరం విజయవాడ వెళ్ళాం. కొండ దిగి భవానీపురం వైపు పున్నమి ఘాట్‌కి వచ్చేసరికి అయిదూ యాభై. సూర్యుడు అవతల భవానీ ద్వీపం వైపు, ఏటికి ఎగువన దిగుతున్నాడు. నీళ్ళ మీద రాగి రేకు పరిచినట్టుంది. "ఇప్పుడు ఇక్కడ తియ్యండి మామయ్యా, మీ ఫ్లాష్ సంగతి చూద్దాం" అంది మేనకోడలు. మధ్యాహ్నం నుంచి మొహం ముడుచుకునే ఉంది.

ఏటికి వీపు పెట్టించి మెట్ల మీద మూడు వరసలుగా నిలబెట్టాను. ఆ ఆకాశం కావాలంటే మొహాలు బొగ్గే. మొహాలు కావాలంటే ఆకాశం తెల్లకాగితమే. ఫ్లాష్ లేకుండా రెండూ కావాలనడం ఇక్కడ కుదరదు, అది మేనకోడలికీ తెలుసు. బావగారు స్టాండు పట్టుకున్నారు, గొడుగు ఆయన తలపైన. సూర్యుడు సగం మునిగేదాకా ఆగి, ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6 పెట్టి ఒకటి తీసి ఆ పిల్లకి చూపించాను.

"ఫ్లాష్ కొట్టినట్టు తెలిసిపోతోంది" అంది.

తెలుస్తోంది. మొహాలు తెల్లగా, కొంచెం నీలంగా, వెనక ఆకాశానికి సంబంధం లేకుండా అట్టబొమ్మల్లా ఉన్నాయి. ఫ్లాష్ వెలుగు మధ్యాహ్నపు ఎండ రంగు, ఆకాశమేమో కాషాయంలో ఉంది. తొందరలో నారింజరంగు కాగితం ముందు పెట్టడం మర్చిపోయాను. అది తగిలించి, బలం సగానికి తగ్గించి మళ్ళీ తీశాను. ఈసారి తను ఏమీ అనలేదు. కెమెరా నా చేతిలోంచి తీసుకుని, స్క్రీన్ మీద ఒక్కొక్క మొహాన్నీ పెద్దది చేసుకుంటూ ఎడమ నుంచి కుడికి వెళ్ళింది. వెనక వరస దాకా వెళ్ళింది. "మా అమ్మ కళ్ళు తెరిచింది" అంది చివరికి.

కెమెరా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. అమ్మ తన మొహం చూసుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని, వేలితో ఒక్కొక్కర్నీ లెక్కపెట్టుకుంటూ పోయింది. రెండుసార్లు లెక్కపెట్టింది.

"చిన్నల్లుడుగారు ఏరిరా?"

బావగారు స్టాండు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నారు. "పర్లేదండీ అత్తయ్యగారూ" అన్నారు. పొద్దున ఫోటోలో ఆయన ఉండీ మసక, సాయంత్రం ఫోటోలో అసలు లేరు. నాకు నోట మాట రాలేదు. మా పెళ్ళిళ్ళు, పేరంటాల ఫోటోలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఎన్నింట్లో ఆయన నా లైటు పట్టుకుని ఫ్రేము బయట నిలబడి ఉంటారో.

మేనకోడలు వ్యాన్ దగ్గరికి పరిగెత్తింది. డ్రైవరు, తను కలిసి 20 లీటర్ల వాటర్ క్యాను మోసుకొచ్చారు. అన్నయ్య కండువాతో దాన్ని స్టాండు కాలికి కట్టాం. కెమెరాని ఇంకో స్టాండుకి బిగించి, తన ఫోన్‌తో దూరం నుంచే నొక్కేలా ఏదో కలిపింది. అందరం వెళ్ళి నిలబడ్డాం, నేనూ, బావగారూ కూడా. ఇవన్నీ అయ్యేసరికి సూర్యుడు పూర్తిగా మునిగిపోయాడు, కాషాయం పోయి ఆకాశం వంకాయ రంగుకి తిరిగింది. షట్టరు నెమ్మది చెయ్యాల్సి వచ్చింది, చంకలో పిల్లాడు చెయ్యి ఊపితే చెయ్యి కొంచెం అలుక్కుపోయింది.

ఆ ఫోటోలో 23 మందిమీ ఉన్నాం. కుడి చివర, బావగారి పక్కన, నీలంరంగు వాటర్ క్యాను అంచు కూడా కనిపిస్తుంది. ప్రింటు వేయించే ముందు అది క్రాప్ చేసేద్దామంది మేనకోడలు. చేసి చూసింది. బావగారి భుజం పోతోంది. క్యాను ఉంచేశాం.